మోకాలి కట్టు

జాసిమ్ ఎడమకాలి బూటు ఇంకా నా ఒళ్లోనే ఉంది. అంబులెన్సు ఎక్కించేటప్పుడు ఎవరో లాగి నా చేతిలో పెట్టేరు, ఇక్కడ ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూచున్నాక గానీ నేను చూసుకోలేదు. లోపల ఇంకా చెమట తడి ఉంది, వెచ్చగా ఉంది, ఏసీ చలికి వేళ్లు కొయ్యబారిపోతుంటే ఆ బూటులోనే చెయ్యి పెట్టుకుని కూచున్నాను. బయట ఆగస్టు ఎండ తారురోడ్డుని కరిగిస్తోంది, ఇక్కడేమో పళ్లు కొట్టుకుంటున్నాయి. ఎదురుగా తలుపు. తలుపు వెనకాల జాసిమ్, వాడి పక్కన వాళ్ల నాన్న, నేను బాబా అంటాను, ఈ బహ్రెయిన్ దేశంలో పనిమనుషులందరం యజమానిని అలాగే అంటాం. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతోంది మునీరా, జాసిమ్ కవల చెల్లెలు, వాడికంటే పావుగంట చిన్న, ఇంకా ఆటబట్టలు విప్పలేదు, పైన ఎవరిదో కోటు వేసుకుంది. తిరుగుతోంది గానీ నా దగ్గరికి రావడంలేదు. కాసేపటికి ఆ తలుపు తెరుచుకుంటుంది. బాబా బయటకొస్తారు. మోకాలు నిన్న మొన్న పాడైంది కాదని డాక్టరు చెప్పే ఉంటాడు. ఎవరికి తెలుసు అని అడుగుతారు. ఏం చెప్పాలి. పదేళ్లుగా ఆయన ఏది అడిగినా చెప్పేను, ఉప్పు అయిపోయిందా, పిల్లలు తిన్నారా, జ్వరం తగ్గిందా, అన్నిటికీ చెప్పేను, దీనికి నా దగ్గర మాట లేదు.

ఎవరూ తగల్లేదు వాడికి. అది కళ్లారా చూసేను. నేను బాస్కెట్‌బాల్ హాల్లో కింద మెట్టు మీద గోడవార కూచున్నాను, పక్కన నీళ్ల సీసాలు, తువ్వాళ్లు. ముందు ఆడపిల్లల ఆట అయిపోయింది, మునీరా ఆడినదానికి ఉన్న ఆ కాస్త మందీ లేచి నుంచున్నారు, అమెరికా ఆడపిల్లల టీము కోచ్, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న పొడుగాటావిడ, రాసుకుంటున్న పుస్తకం మూసేసి చేతులు కట్టుకుని చూసింది, ఇంక రాసుకోడానికేం లేదన్నట్టు. తర్వాత మగపిల్లలది. హాలు నిండిపోయింది. జాసిమ్ బంతికోసం ఎగిరేడు, ఉత్తినే ఎగిరేడు, ఉత్తినే దిగేడు, దిగినప్పుడు మోకాలు పక్కకి వెళ్లిపోయింది, మోకాలు పక్కకి వెళ్లదు కదా, వెళ్లింది. పచ్చి కొబ్బరిమట్ట విరిచినట్టు చప్పుడు. అంత గోలలో నీకెలా వినపడిందంటారు, నలభై రోజులు ఆ మోకాలు నా చేతుల్లో ఉంది, నాకు వినపడింది. వాడు అరవలేదు. నావేపు చూసేడు. పై వరసలో వాళ్ల నాన్న ఉంటే ఆయనవేపు కాదు, నావేపు చూసేడు, నేను లేచి నుంచున్నాను, సీసాలు దొర్లుకుంటూ పోయేయి.

ఆ అమెరికా యూనివర్సిటీ పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు. మగపిల్లల టీము, ఆడపిల్లల టీము, రెండూ ఇక్కడి పిల్లలతో ఆడడానికి వారం కిందట ఒకే విమానంలో దిగేయి. బాబా కుర్రతనంలో అక్కడే ఇంజినీరింగు చదివేరుట, నాలుగేళ్లూ మగపిల్లల ఆట చూడ్డానికి మంచులో లైన్లో నుంచున్నారుట, టీములో చేర్చుకోమని రెండుసార్లు అడిగితే రెండుసార్లూ కాదన్నారుట. అందుకే కవలలకి ఎనిమిదో ఏడు రాగానే సనాబిస్‌లో మా ఇంటి వెనక పెరట్లో సిమెంటు చేయించి రింగు పెట్టించేరు. జాసిమ్ కోసం పెట్టించేరు. మునీరా కూడా ఆడింది, ఎవరూ వద్దనలేదు, ఎవరూ ఆడమనీ అనలేదు. అది వేసిన బంతి రింగులో పడితే తీసి మళ్లీ దానికి విసరడం నా పని. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఓ చెవి అక్కడ, ఓ చెవి ఇక్కడ. వాళ్లమ్మ పోయిన ఏడాదికే నేను వచ్చేను, తొంభై ఆరంటే పదేళ్లు నిండేయి, ఈ పదేళ్లలో ఎన్నివేలసార్లు విసిరి ఉంటాను. బంతి దాని చేతిలోంచి బయల్దేరితే చాలు, పడుతుందో లేదో చూడకుండా చెప్పేదాన్ని. జాసిమ్‌ది చెప్పలేకపోయేదాన్ని. వాడికీ తెలిసేది కాదు. ఇంట్లో అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనని సంగతి అది, ఆట మునీరాది, రింగు జాసిమ్‌ది.

కిందటి చలికాలం ఆ పొడుగాటావిడ ఇక్కడ పిల్లలకి ఆట నేర్పడానికి వచ్చి మునీరాని చూసింది. ఉత్తరాలు మొదలయ్యేయి. రెండు పుస్తకాలు పంపేరు, మగపిల్లల టీముది ఒకటి, ఆడపిల్లలది ఒకటి. మగపిల్లలది దిండంత లావు, నున్నటి కాగితం, ఊరు ఊరంతా పట్టే హాలు బొమ్మ మధ్యలో మడతపెట్టి ఉంది. ఆడపిల్లలది స్కూలు నోటుబుక్కంత. మగపిల్లలు విమానాల్లో వెళ్తారు, మేము బస్సులో, మాది మధ్యాహ్నం ఆట, వాళ్లది సాయంత్రం, అని మునీరా నాకు చదివి చెప్పేది. అప్పుడే మేము, మాది అనేది. బాబా లావు పుస్తకం మంచం పక్కన పెట్టుకున్నారు. సన్నది ఫ్రిజ్ మీద ఉండిపోయింది, నేను దాని మీద పాలసీసా పెట్టబోతే మునీరా లాక్కుని నావేపు చూసిన చూపు, అంత కోపం దాని మొహంలో అంతకుముందు చూడలేదు. చివరికి బాబా భోజనాల దగ్గర చెప్పేరు, గట్టిగా కూడా కాదు, రొట్టె తుంచుకుంటూ చెప్పేరు. ఒంటరి ఆడపిల్లని సముద్రాల అవతలికి పంపను, అన్నతో అయితే పంపుతాను, వాళ్లని ఇద్దర్నీ తీసుకోమను, లేకపోతే ఎవరూ వద్దు. ఆవిడకి అలాగే రాసేరు. మగపిల్లల కోచ్ ఆగస్టులో వచ్చినప్పుడు అబ్బాయి ఆట కూడా చూస్తాడు అని జవాబొచ్చింది. కూడా అన్న మాట మునీరా గబగబా చదివేసింది. జాసిమ్ మళ్లీ చదవమన్నాడు.

నర్సు బయటకొచ్చింది, కేరళ పిల్ల, నావేపు చూసి హిందీలో కూచోమంది, కూచునే ఉన్నాను కదా. లేచి నుంచున్నానేమో. ఎముక కాదట, లోపల పట్టుకునే తాడేదో తెగిందట, చాలా రోజుల నుంచి సగం తెగే ఉందట, ఇవాళ మొత్తం పోయిందట. కోత కొయ్యాలి. నడుస్తాడా అన్నాను. నడుస్తాడు దీదీ, అంది. ఆడతాడా అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు, మునీరా అటు చివర ఆగి ఇటు వింది, మళ్లీ తిరగడం మొదలుపెట్టింది.

సగం తెగే ఉంది. నా వేళ్ల కింద ఉంది అది. జూలై మొదట్లో స్నేహితులతో ఆడి వచ్చి వంటగదిలో సామాన్ల గదివేపు నక్కి కూచున్నాడు, ప్యాంటు మడిస్తే మోకాలు కొబ్బరిబొండంలా ఉంది. బాబాకి చెప్తానన్నాను. చెప్పకు అన్నాడు. నువ్వుల నూనె వేడిచేసి రాసేను, నా పాత నూలుచీర చింపి పేలిక కట్టేను, ఆ పైన మందులషాపులో దొరికే సాగే పట్టీ చుట్టేను. మర్నాడు వాపు తగ్గింది, గానీ రాస్తుంటే లోపల ఏదో అటూ ఇటూ జారుతోంది, వదులైపోయిన తలుపు గొళ్లెంలా. అది తెలిసింది నాకు. డాక్టరుకి చూపించాలని తెలిసింది. చదువు లేనిదాన్ని, నాకేం తెలుసు అని ఇప్పుడు అనుకోడానికి లేదు, వేళ్లకి చదువెందుకు.

చెప్దామనే అనుకున్నాను. ఆ సాయంత్రం బాబా ఖహ్వా, వాళ్ల కాఫీ, తాగుతుంటే కప్పు ఇచ్చి నుంచున్నాను, ఏమిటి వేణీ అన్నారు, నోరు తెరిచేను, చక్కెర అయిపోయిందన్నాను. ఎందుకంటే ఆ మధ్యాహ్నమే మునీరా వంటింట్లోకొచ్చి తలుపేసింది. వాడు దానికి చెప్పేసేడు, కవలలు కదా, ఒకరి దగ్గర ఒకరికి దాపరికం లేదు. నా చెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకుంది, మా ఊళ్లో ఇలాగే ఒట్టు వేస్తారని చిన్నప్పుడు నేనే చెప్పేను. వేణీ, ఇది తెలిస్తే వాణ్ని చూడరు, వాణ్ని చూడకపోతే నేను వెళ్లను, నేను వెళ్లకపోతే ఇంక ఇదే, ఈ పెరడు, ఈ గోడ, అంది. ఏడుస్తూ అనలేదు. ఏడిస్తే ఓదార్చి పంపేసేదాన్నేమో. పెద్దమనిషిలా లెక్కగా చెప్పింది. ఆగస్టు దాకా కట్టు కట్టు, ఆ ఒక్క ఆట ఆడితే చాలు, తర్వాత అక్కడ పెద్ద డాక్టర్లున్నారు, నయం చేయిస్తాను, అంది. ఒట్టు అన్నాను.

ఎందుకన్నాను. దీన్ని చాలాసార్లు తిప్పి తిప్పి చూసుకున్నాను, పడుకుని, అంట్లు తోముతూ. కవలలు వెళ్లిపోతే నాకు ఆ ఇంట్లో పనిలేదు, బాబా ఆ మాట ముందే చెప్పేరు, ఒక్క మనిషికి వంటమనిషెందుకు వేణీ అని. అంటే జాసిమ్ మోకాలి సంగతి చెప్పేస్తే ఇద్దరూ ఉండిపోతారు, నా పనీ ఉంటుంది. చెప్పకపోతే పోయేది నేను. అందుకే చెప్పకపోవడమే మంచితనం అనిపించింది. నా కడుపు నేనే కొట్టుకుంటున్నాను కదా, ఇందులో నా స్వార్థం లేదు కదా, ఇంక ఇది తప్పెలా అవుతుంది అనుకున్నాను. ఎంత హాయిగా అనుకున్నానో. నేను పోగొట్టుకునేదే చూసుకున్నాను గానీ, వాడు పోగొట్టుకునేది వాడి మోకాలు, నాది కానిదాన్ని నేను దానంలా ఇచ్చేసేను.

అమలాపురం దగ్గర మా పల్లెలో నాకో కూతురుంది, లక్ష్మిప్రసన్న, మూడేళ్లది ఉన్నప్పుడు మా అక్క పాపాయమ్మ చేతిలో పెట్టి వచ్చేను, ఇప్పుడు పదమూడు. రెండేళ్లకోసారి వెళ్తే తలుపు చాటునుంచి చూస్తుంది. మా అక్కని అమ్మ అంటుంది, నన్ను బహ్రెయినమ్మ అంటుంది, బెంగుళూరు మిరపకాయ అన్నట్టు. దానికి నేను జడ వేసింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మునీరాకి పదేళ్లు వేసేను. బంతి రింగులో పడ్డప్పుడల్లా అది ముందు నావేపే చూసేది, వాళ్ల నాన్న వేపు కాదు, అన్న వేపు కాదు, ఆ చూపు కోసం అన్నం మాడిపోయినా నుంచునేదాన్ని. అదీ ఉంది. ఒట్టు వెయ్యడంలో అదీ ఉంది, స్వార్థం లేదనుకున్నాను గానీ.

జాసిమ్ మాత్రం నన్ను ఒట్టు అడగలేదు. రోజూ కట్టు కట్టించుకునేటప్పుడు కళ్లు మూసుకునేవాడు. పదిరోజుల కిందట, కట్టు కడుతుంటే, వాళ్లకి కావలసింది నేను కాదు వేణీ అన్నాడు. మేకపిల్ల కావాలంటే తాడు కూడా కొనుక్కోవాలి కదా, నేను తాడుని, అని నవ్వేడు. నేను నవ్వలేదు. నీకు వెళ్లాలనుందా అని అడిగేను, అరబ్బీలో అడిగేనో హిందీలోనో గుర్తులేదు, మా మధ్య రెండూ కలిసిపోయిన భాష ఒకటుంది. నాకు ఆట అంటేనే ఇష్టంలేదు, అన్నాడు. ఎప్పట్నుంచి అంటే, మొదట్నుంచీ అన్నాడు. పద్దెనిమిదేళ్లవాడు, ఇంతకాలం ఇష్టంలేని బంతి వెనక పరిగెత్తేడు, నాన్నకోసం కొన్నాళ్లు, చెల్లెలికోసం కొన్నాళ్లు. ఆ మాట మునీరాకి చెప్పేను. అది కాసేపు గోడకేసి చూసి, ఇంక పదిరోజులే కదా, అంది.

ఇవాళ పొద్దున్న రెండు చుట్లు ఎక్కువ కట్టమన్నాడు. బిగించు, ఇంకా బిగించు, అన్నాడు. కాలి వేళ్లు తెల్లబడ్డాయి, రక్తం ఆడదు బాబూ అంటే, గంటసేపే కదా అన్నాడు. సందు చివర ఎవరో తగలబెట్టిన టైరు వాసన కిటికీలోంచి వస్తోంది, కిటికీ వేసి వచ్చి ముడి బిగించేను. నా చేత్తో. మునీరా గుమ్మంలో నుంచుని చూసింది. బాగుందా అని అన్నని అడిగింది. బాగుంది అన్నాడు వాడు.

ఎక్కడో మసీదులో సాయంత్రం నమాజు పిలుపు మొదలైంది, అద్దాల్లోంచి సన్నగా వస్తోంది. మునీరా ఆగింది. తలుపు తెరుచుకుంది.

బాబా బయటకొచ్చేరు. పొద్దున్న ఇస్త్రీ చేసి ఇచ్చిన తెల్లటి తోబు, పాదాల దాకా ఉండే ఆ పొడుగు చొక్కా, ఒక పక్క చెమటకి అంటుకుపోయింది. చేతిలో నా చీర పేలిక ఉంది, డాక్టరు కత్తిరించి ఇచ్చినట్టున్నాడు, ఆకుపచ్చ మీద పసుపుచుక్కలు, ఆ చీర ఆరేసి ఉండగా పదేళ్లు ఆయన పెరట్లో చూసేరు. నా ముందుకొచ్చి నుంచున్నారు. అరుస్తారనుకున్నాను, అరవలేదు, ఆయన ఎప్పుడూ అరవరు.

"ఇది నువ్వు కట్టేవు," అన్నారు.

అవునన్నాను. ఎన్నాళ్ల నుంచి అన్నారు. నలభై రోజులు బాబా, అన్నాను. ఆయన పేలిక వేలికి చుట్టుకుంటున్నారు, విప్పుతున్నారు. మళ్లీ చుట్టుకుంటున్నారు.

"ఇంకెవరికి తెలుసు?"

ఇదే. గంటసేపు వెతికిన మాట అప్పుడు దానంతటదే దొరికింది. ఎవరికీ తెలీదు బాబా, నాకొక్కదానికే తెలుసు, అని చెప్తాను. చెప్పాలనే నిశ్చయించుకున్నాను, దేవుడి తోడు. కొడుకు మోకాలు పోయిన రోజున కూతుర్ని కూడా ఆయన చేతుల్లోంచి తియ్యకూడదు, పిల్లకి ఇంకా బోలెడు జీవితం ఉంది, నాదేముంది, ఎలాగూ వెళ్లాల్సినదాన్ని. ఒట్టు కోసం కాదు, నేనే ఇస్తున్నాను, పదేళ్లు బంతి తీసి ఇచ్చినట్టే ఇదీ ఇస్తాను అనుకుని ఊపిరి తీసుకున్నాను. ఆ ఊపిరి తీసుకున్నంతసేపే ఆలస్యం చేసేను.

"వేణీకి తెలుసు. రోజూ తనే కట్టేది," అంది మునీరా. "నాకు చెప్పలేదు, నాన్నా. చెప్పుంటే వాణ్ని ఆడనిచ్చేదాన్నా?"

వంటింట్లో ఆ మధ్యాహ్నం మాట్లాడినట్టే మాట్లాడింది. అదే మాట నేను చెప్పి ఉంటే నాది అయ్యేది. ఇవ్వబోతున్న చేతిలోంచి లాక్కుంటే ఇంక అది ఇచ్చినట్టు కాదు. దానివేపు చూసేను. అది నా భుజం మీదుగా గోడకేసి చూస్తోంది.

నిజమేనా అన్నారు బాబా. నిజమే అన్నాను. నాకు వినపడేలానే అన్నానో లేదో. ఆయన తలూపేరు. మా పిల్లల్ని నీ చేతుల్లో పెట్టేను, అన్నారు, తర్వాత, గురువారం విమానం ఉంది, పాస్‌పోర్టు రేపు ఇస్తాను, ఖలాస్, అన్నారు.

అప్పుడొచ్చింది ఆ పొడుగాటావిడ. వరండా అవతల ఎంతసేపట్నుంచి నుంచుందో, ఆయన పని అయ్యేదాకా ఆగినట్టుంది. ఇంగ్లీషులో నెమ్మదిగా మాట్లాడింది. నాకు సగం తెలుస్తుంది. మగపిల్లల కోచ్ చాలా బాధపడుతున్నాడంది, బాధపడుతున్నవాడు రాలేదు. మునీరాని మాత్రం తీసుకుంటాం, ఇప్పుడు కాకపోతే వచ్చే ఏడాదికైనా ఆ చోటు ఉంచుతాం, అని ఒక కవరు ఇచ్చింది. బాబా కవరు తెరిచి మొదటినుంచి చివరిదాకా చదివేరు, ఇంజినీరు కదా, ఏ కాగితమైనా మొత్తం చదువుతారు. మునీరా ఊపిరి బిగపట్టడం నాకు ఇక్కడికి తెలుస్తోంది. ఆయన కాగితం మళ్లీ అవే మడతల్లో మడిచి, కవర్లో పెట్టి, రెండు చేతులతో ఆవిడకి తిరిగి ఇచ్చేసేరు. ఇద్దరూ అన్నాను కదా, అన్నారు. ఆవిడ ఇంకేదో అనబోయింది. ఆయన థాంక్యూ అని లోపలికెళ్లిపోయేరు. ఆవిడ మునీరా చెయ్యి పట్టుకుని కాసేపు నుంచుంది, కవరు దాని చేతిలో పెట్టబోయి, మళ్లీ తన సంచిలోనే పెట్టుకుని వెళ్లిపోయింది. బూట్ల చప్పుడు మెట్ల దాకా వినపడింది.

వరండాలో మేమిద్దరమే మిగిలేం.

ఇప్పుడైనా అది చెప్పొచ్చు వాళ్ల నాన్నకి. ఇంక దాచుకోడానికేం మిగల్లేదు, దాచితే వచ్చేదేం లేదు, నాలుగడుగులు వేసి ఆ తలుపు తీసి, నాకూ తెలుసు నాన్నా, అంటే సరిపోతుంది. నన్ను ఉంచుకుంటారని కాదు, నేను ఎలాగూ వెళ్తాను, ఒక్కదాన్నే చేసినట్టు వెళ్లను, అంతే. చూస్తూ కూచున్నాను. అది తలుపు వేపు చూసింది. చాలాసేపే చూసింది. తర్వాత తిన్నగా నా దగ్గరికొచ్చి, బూటు పక్కకి తోసి, నేల మీద కూలబడి నా ఒళ్లో తల పెట్టేసింది. అప్పుడు ఏడిచింది. వాళ్లమ్మ కోసం ఏడిచినట్టే ఏడిచింది, వేణీ, వేణీ అంటూ, నా మోకాళ్లు రెండూ వాటేసుకుని. దాని ఏడుపు వినపడితే నా చెయ్యి దాని తల మీదకి వెళ్లిపోయేది, ఈ పదేళ్లలో నేను వెళ్లమని చెప్పాల్సిన పనే లేకపోయింది. ఇవాళ వెళ్లలేదు. బల్ల అంచు పట్టుకుని ఉండిపోయింది. కోపమేమో అని చూసుకున్నాను, కోపం కాదు, కోపమైతే బాగుండేది.

నర్సు తలుపు ఓరగా తీసి, నొప్పికిచ్చిన మత్తు దిగుతోంది, పిల్లాడికి మెలకువొస్తోంది అని చెప్పి వెళ్లింది.

"లే," అన్నాను. "లోపలికెళ్లి మీ అన్న పక్కన కూచో. కళ్లు తెరవగానే అడుగుతాడు, వెళ్తున్నావా అని."

అది లేవలేదు.